బిసున్ బావ, ఇలైతియా కారు

మా బిసున్ బావ పోయినప్పుడు ద్రెకేతి నుంచి సేయాంగాంగా దాకా ఉన్న ఊళ్ళన్నీ కదిలి వచ్చాయి. ఆయన చెయ్యి పడితే బాగుపడని ఇంజను లేదన్నారు. కొందరు ఏడ్చారు కూడా. నేను వంటింట్లో కూర్చుని కసావా దుంపలు తొక్క తీస్తూ అన్నీ విన్నాను. ఎవరి మాటా కాదనలేదు. ఆయన మంచివాడే, ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఆ పందిట్లో ఎవరూ లేరు. కానీ మంచివాడు అనేసి టీ తాగి లేచి వెళ్ళిపోతే సగం మనిషినే చెప్పినట్టు. మిగతా సగం నేను చెబుతాను.

ఆయన పూర్తి పేరు బిసుండేవ్. తండ్రి చెరకు కోతకు వెళ్ళేవాడు. బావకి చిన్నప్పటి నుంచీ చెరకు కత్తి అంటే పడదు, చెరకు మోసే లారీలంటే ప్రాణం. లంబాసాలో లారీలు బాగుచేసే షెడ్డులో చేరి, ముందు నట్లు కడిగి, తర్వాత ఇంజన్లు విప్పి పని నేర్చుకున్నాడు. పెళ్ళయ్యాక ద్రెకేతి వచ్చి ఇంటి పక్కనే రేకుల షెడ్డు వేసుకున్నాడు. పిలిస్తే రానన్న రోజు లేదు, ఇవ్వాళ కుదరదన్న మాట లేదు. అందరికీ రేపు చూద్దాం అనేవాడు. ఆ రేపు ఎప్పుడొస్తుందో ఆయనకే తెలీదు.

మా రోడ్డు అప్పట్లో మట్టి రోడ్డు. ఎండల్లో ఎర్ర దుమ్ము, వానల్లో బురద. బండి నాలుగు కాలాలు నడవాలంటే ఎక్కడ సందు కనిపిస్తే అక్కడ మూసెయ్యాలి. ఈ విద్యలో బావని మించినవాడు మా చుట్టుపక్కల లేడు. పాత సైకిలు ట్యూబులు కోసి పట్టీలు చేసేవాడు, రింగులు చేసేవాడు, బిగించినదాన్ని మళ్ళీ బిగించేవాడు. "చీమ దూరదు, చూస్కో" అని వేలితో కొట్టి చూపించేవాడు. జనం కూడా అది చూసే ఆయన్ని మెచ్చుకునేవాళ్ళు.

ఇంకో విద్య కూడా ఉంది, నగోనా తాగడం. మా దీవిలో ఏ పనైనా నగోనా తర్వాతే. పెళ్ళి మాటలైనా అంతే, చావు మాటలైనా అంతే, బండి బాగుచెయ్యడమైనా అంతే. వేరు దంచిన పొడిని గుడ్డలో కట్టి నీళ్ళలో పిసుకుతారు. బురద నీళ్ళలా ఉంటుంది. చప్పట్లు కొట్టి కొబ్బరి చిప్పతో ఒక్క గుక్కలో తాగుతారు. నాలుక మొద్దుబారుతుంది, కాళ్ళు బరువెక్కుతాయి, ఎవరికీ దేనికీ తొందర ఉండదు. ఏ బండి వచ్చినా బావ ముందు బానెట్ ఎత్తడు. "ఇంజను కాలిపోతా ఉంది, చల్లారనీ. ఈలోపు ఒక గంగాళం కలపండి" అంటాడు. తాగీ తాగీ ఆయన చర్మం పొలుసులు లేచిపోయింది. మా అక్క కొబ్బరినూనె రాసి రుద్దేది.

మా అక్క పేరు ఫూల్‌కుమారి. చిన్నప్పుడు కీళ్ళు వాచి జ్వరం వచ్చింది. మా దీవుల్లో ఆ జ్వరం చాలామంది పిల్లల గుండెలు పాడుచేసి పోయింది, అందులో మా అక్క ఒకతి. పిల్లలు వద్దన్నారు డాక్టర్లు. లేరు. నా మొగుడు పోయాక నేను వాళ్ళ పక్కింట్లోనే చేరి బట్టలు కుట్టుకుంటూ బతికాను. అందుకే బావని ఆటపట్టించే హక్కూ, తిట్టే హక్కూ రెండూ నాకు పూర్తిగా ఉండేవి, రెండూ వాడుకున్నాను.

నలభై దాటాక అక్కకి ఆయాసం ఎక్కువైంది. లంబాసా ఆసుపత్రి డాక్టరు బావకి ముఖం మీదే చెప్పాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందంటే ఇంట్లో చూస్తూ కూర్చోవద్దు, ఆ క్షణమే బయల్దేరి వచ్చెయ్యమన్నాడు. చెప్పినంత తేలికా? మా ఊరి నుంచి లంబాసాకి బస్సు పొద్దున్న ఒకటే. చెరకు నడిచే నెలల్లో లారీలు తిరుగుతాయి, ఎవరో ఒకరు ఎక్కించుకుంటారు. చక్కెర మిల్లు మూశాక రోడ్డు మీద పశువులు తప్ప ఏమీ ఉండవు. బావకి సొంత బండి లేదు. చుట్టుపక్కల లారీలూ ట్రాక్టర్లూ బాగుచేసే మనిషి ఒక బండి కూడబెట్టుకోలేకపోయాడు. మాకు దగ్గర్లో ఉన్న కారు ఒక్కటే, ఇలైతియాది. అంటే మా అక్క ప్రాణం ఆ కారు మీద ఉంది. ఇది మా ఇంట్లో అందరికీ తెలుసు, ఇలైతియాకీ తెలుసు.

ఇలైతియాది ఏటి ఒడ్డున ఉన్న కైవీతీల ఊరు, అంటే మాకంటే ముందు నుంచీ ఈ దీవిలో ఉన్నవాళ్ళది. తలుపు పట్టనంత మనిషి. మా భాష మాకంటే బాగా మాట్లాడతాడు, మా తిట్లు మాకంటే ఎక్కువ తెలుసు. బావని అన్నా అని పిలుస్తాడు. ఆ కారు జపాను నుంచి చేతులు మారి మారి మా దాకా వచ్చిన పాత బండి. కుడి వెనక తలుపు బయటి నుంచే తెరుచుకుంటుంది. ఒకసారి లంబాసాలో పెట్రోలు పోయించుకుని ట్యాంకు మూత అక్కడే మర్చిపోయి వచ్చాడు. కొన్నాళ్ళు వాళ్ళావిడ పాత పువ్వుల గుడ్డ దూర్చి తిరిగాడు. దుమ్మూ వాననీళ్ళూ ట్యాంకులో పడుతున్నాయని బావ బాధపడి, రేకు డబ్బా మూత తీసుకుని, లోపల ట్యూబు రబ్బరు రెండు పొరలు వేసి, పైన బిగింపు పట్టీ పెట్టి, కొత్త మూత చేసిచ్చాడు. ఇలైతియా దాన్ని పట్టి లాగి చూసి పగలబడి నవ్వాడు.

"అన్నా, ఇది మూత కాదు, మా చర్చి తలుపు. పాస్టరు వచ్చి తాళం తీస్తే గాని తెరుచుకోదు!"

"వానలో తిరిగి చూడు, లోపలికి చుక్క నీళ్ళు పోతే నన్నడుగు" అన్నాడు బావ.

ఆ తర్వాత కొన్నాళ్ళకి కారు ఆగడం మొదలైంది. దుకాణానికి వెళ్తే ఆగదు, చర్చికి వెళ్తే ఆగదు. లంబాసా బయల్దేరితే కొండ ఎక్కేటప్పుడు ముక్కీ మూలిగీ ఆగిపోతుంది. దిగి, చుట్ట తాగి, పక్కకి వెళ్ళి వచ్చి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. కొంత దూరం పోయి మళ్ళీ అంతే.

బావకి అది పెద్ద పజిలైంది. ప్లగ్గులు మార్చాడు. కార్బురేటర్ విప్పి కడిగాడు. వేడికి కాయిల్ పోతోందని కొత్త కాయిల్ వేశాడు. పెట్రోలు పంపు పొర చిరిగిందేమోనని అదీ మార్చాడు. ఎండకి పైపులో పెట్రోలు ఆవిరైపోతోందని పంపు మీద తడి గోనె చుట్టమన్నాడు. ఇలైతియా పాపం తడి గోనె కూడా చుట్టుకుని తిరిగాడు, ముందు సీట్లో బక్కెట్టు నీళ్ళు పెట్టుకుని. ప్రతిసారీ వరస ఒకటే. ఆగిన కారు ఎలాగో షెడ్డుకి చేరుతుంది, ఇలైతియా నగోనా వేరు కట్ట తెచ్చి ముందు పెడతాడు, చల్లారనీ అంటాడు బావ. గంగాళం కలుపుతారు, ఇరుగుపొరుగు చేరతారు, రాజకీయాలూ రగ్బీ అన్నీ అయ్యాక బానెట్ ఎత్తుతారు. అప్పటికి ఇంజను గుర్రంలా ఉంటుంది. ఏదో ఒకటి మార్చి, ట్యాంకులో కాస్త మంచి పెట్రోలు పోసి, రోడ్డు చివరి దాకా తిప్పి తెచ్చి, అయిపోయింది అంటాడు.

ఒకరోజు నాకు ఒళ్ళు మండి అడిగాను. "ఏం బావా, జొరం తగ్గాక డాక్టరు దగ్గరికి పోతారా ఎవరైనా? బండి ఆగినప్పుడు చూడాలి గానీ, నువ్వు తాగి లేచేసరికి దాని రోగం ఎందుకుంటది?"

"నువ్వు మిషను కుట్టుకో బిద్యా. ఇంజను సంగతి నీకేం తెలుసు?"

"నాకేం తెలీదు. అందుకే అడుగుతున్నా. ఇలైతియాతో కలిసి ఒక్కసారి లంబాసా దాకా పోయిరా. ఆగిన చోటే విప్పి చూడు."

"పోతాలే. ఈ శనివారం పోతా" అన్నాడు. ఇలైతియా కూడా "రా అన్నా, టవునులో మటన్ రోటీ తినిపిస్తా" అన్నాడు. ఆ శనివారం ఎవరిదో పెళ్ళి. తర్వాత శనివారం మడత మంచం మీద నుంచి లేవలేదు, ముందు రాత్రి గంగాళాలు ఎక్కువయ్యాయి. ఇంకో శనివారం వాన.

అక్క గట్టిగా అడిగే మనిషి కాదు. ఒకసారి మాత్రం, వీపు రుద్దుతూ అంది. "ఆ బండి సంగతి తేల్చవయ్యా. నాకోసమైనా తేల్చు."

"తేలింది ఫూల్. మొన్న పంపు మార్చాగా. ఇంక ఆగదు" అన్నాడు బావ. ఆ మాట ఆయన అబద్ధంగా చెప్పలేదు, నమ్మే చెప్పాడు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

జనవరి నెల. మిల్లు మూసేశారు. పొద్దున్న నుంచీ ఉక్కపోత, మబ్బు పట్టి కురవదు. మధ్యాహ్నం అక్క పడుకోలేక లేచి కూర్చుంది. ఊపిరి తీస్తుంటే గొంతులో నీళ్ళు మరుగుతున్న చప్పుడు. పెదాలు నీలం తిరిగాయి. ఊరి నర్సు పరుగున వచ్చి తన దగ్గరున్న సూది ఇచ్చి, ఇక్కడ పెట్టుకోవద్దు, లంబాసా తీసుకుపొండి అంది. నేను ఎదురింటి పిల్లవాణ్ణి కబురు పంపేలోపే ఎవరో చెప్పారట, ఇలైతియా కారు వాకిట్లోకి వచ్చేసింది. ఆ మనిషి చొక్కా కూడా వేసుకోలేదు. నేను వెనక సీట్లో కూర్చుని అక్కని నా గుండెకి ఆనించి నిటారుగా పట్టుకున్నాను. బావ ముందు కూర్చున్నాడు.

"ట్యాంకు నిండా ఉందా?" అన్నాడు బావ.

"పొద్దున్నే నింపా అన్నా. భయం లేదు" అన్నాడు ఇలైతియా.

సేయాంగాంగా దాటేదాకా బాగానే పోయింది. కొండ ఎక్కడం మొదలుపెట్టాక ఇంజను ఒకసారి దగ్గింది. ఇంకోసారి దగ్గి, వణికి, రోడ్డు మధ్యలో ఆగిపోయింది. రెండు పక్కలా పైన్ చెట్లు. మనిషి అలికిడి లేదు. అక్క ఊపిరి చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు.

ఇలైతియా దిగి, అలవాటు చొప్పున టైరుకి రాయి పెట్టి, "కాసేపు ఆగితే అదే లేస్తది అన్నా. ఎప్పుడూ అంతేగా" అన్నాడు. పాపం, ధైర్యం చెబుదామనే అన్నాడు. బావ కూడా ఒక్క నిమిషం అలాగే నిలబడ్డాడు. ఇన్నేళ్ళ అలవాటు, వేడి ఇంజను ముందు నిలబడి చల్లారాలని చూడటం.

"దేనికి చూస్తన్నావు బావా! నగోనా ఎవరైనా కలిపి తెస్తారనా?" అని అరిచాను. నా జన్మలో ఆయన మీద అంత గొంతు లేపలేదు.

అప్పుడు కదిలాడు. కాయిల్ మీద నీళ్ళు పోశాడు. పంపు మీద పోశాడు. ప్లగ్గు పీకి చూశాడు, నిప్పు వస్తోంది. చేతులు కాలుతున్నా ఆగలేదు. చివరికి పంపు దగ్గర పైపు ఊడదీసి ఇలైతియాని తాళం తిప్పమన్నాడు. పైపులోంచి చుక్క రాలేదు.

"పెట్రోలే రావట్లేదు. నింపానన్నావు కదరా!"

"నింపా అన్నా, దేవుడి మీద ఒట్టు, మూత దాకా నింపా!"

బావ వెనక్కి పరిగెత్తాడు. తాను చేసిన మూత తానే ఊడదీయలేకపోయాడు. ఎవరో లోపలి నుంచి పట్టుకున్నట్టు కరుచుకుపోయింది. స్క్రూడ్రైవరు దూర్చి పెకిలించాడు. అంతే, ట్యాంకు పెద్దగా గాలి పీల్చుకుంది. బుస్సుమని, చాలాసేపు. నేనున్న సీటు వెనకే కాబట్టి నా వీపులో వినిపించినట్టు వినిపించింది. బావ మూత పట్టుకుని కదలకుండా నిలబడిపోయాడు. ఆయన ముఖం నాకు అద్దంలోంచి కనిపిస్తోంది. ఆ క్షణంలో ఆయనకి అంతా తెలిసిపోయింది.

తర్వాత నాకూ చెప్పాడు, అందరికీ చెప్పాడు. పెట్రోలు తగ్గేకొద్దీ ఆ చోటికి గాలి రావాలి. చీమ దూరని మూతలోంచి గాలి ఎక్కణ్ణుంచి వస్తుంది? గాలి రాకపోతే పెట్రోలు కదలదు. పాల డబ్బాకి ఒక్కటే చిల్లు పొడిస్తే పాలు కారవు, రెండు పొడవాలి, అది మా ఇళ్ళలో ఆడవాళ్ళందరికీ తెలుసు. కాసేపు ఆగితే ఎక్కడో సన్న సందులోంచి కొద్దికొద్దిగా గాలి చేరుకుని బండి మళ్ళీ కదిలేది. వీళ్ళు షెడ్డులో చిప్పలు ఖాళీ చేసేలోపు ఆ రోగం దానంతట అదే నయమయ్యేది. మిగిలింది ఏమైనా ఉంటే, బావ పెట్రోలు పొయ్యడానికి మూత తియ్యగానే పోయేది. పువ్వుల గుడ్డ దూర్చినన్నాళ్ళూ కారు ఒక్కసారీ ఆగలేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

"దొరికింది! ఫూల్, దొరికింది! మూతే! నా మూతే!" అని బావ కిటికీలోంచి తల లోపలికి పెట్టి అరిచాడు.

అక్క కళ్ళు తెరిచింది. ఆయన్ని చూసింది. ఆయన అప్పటికే పైపు బిగించడానికి ముందుకి పరిగెత్తాడు. అక్క నా చెవి దగ్గర, గాలితో, "ఇప్పుడా దొరికేది?" అంది. అంతే అంది.

మూతకి బదులు ఇలైతియా బండి తుడిచే గుడ్డ దూర్చాడు. నాలుగు తిప్పులకి ఇంజను అందుకుంది. ఆ కారు అంత బాగా నడవడం నేనెప్పుడూ చూడలేదు. కొండ ఎక్కేసింది, దిగింది, చెరకు చేల మధ్య దూసుకుపోయింది. బావ వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ మాట్లాడుతూనే ఉన్నాడు. "వచ్చేశాం ఫూల్. ఇంక ఆగదు. ఇంక ఎక్కడా ఆగదు. విన్నావా ఇంజను చప్పుడు? ఎన్నాళ్ళు ఏడిపించిందో ముండ! దొరికింది." ఆయన గొంతులో సంతోషం ఉంది. కాదనను, అది సంతోషమే. పోయిన వస్తువు దొరికిన మనిషి గొంతు అది.

కొండ దిగి చదును నేల మీదికి రాగానే నా గుండెకి ఆనిన ఊపిరి ఆగింది. నాకు వెంటనే తెలిసింది. నేను చెప్పలేదు. అక్క తల జారకుండా నా గడ్డం కింద పెట్టుకుని, మిల్లు గొట్టాలు కనిపించేదాకా, వంతెన దాటేదాకా, ఆసుపత్రి గేటు దాకా ఆయన మాటలు వింటూ కూర్చున్నాను. గేటు దగ్గర ఆయన స్ట్రెచరు కోసం దూకబోతుంటే, "బావా, ఇంక చాలు" అన్నాను. ఇలైతియా స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చాడు. బావ ఏడవలేదు. ఇంజను ఆపమని ఇలైతియాకి చెప్పాడు.

దహనం అయిన రెండో రోజు ఇలైతియా వాళ్ళ ఊరి పెద్దలతో వచ్చాడు. చాపలు, తిమింగలం పన్ను తెచ్చారు. తమ వల్ల ప్రాణం పోతే అలా వచ్చి క్షమాపణ అడగడం వాళ్ళ పద్ధతి. అంత పెద్ద మనిషి పందిట్లో మోకాళ్ళ మీద నడిచి వచ్చాడు.

"నా బండిలో పోయింది అన్నా. తప్పు నాది. మన్నించానని ఒక్క మాట అను" అన్నాడు.

బావ ఆ పన్ను ముట్టుకోలేదు. "తప్పు మూతదిరా. మూత నాది. నేనెలా పుచ్చుకుంటాను?" అన్నాడు. పుచ్చుకోకపోతే వాళ్ళకి అవమానం. పెద్దలు తల వంచుకుని కూర్చుండిపోయారు, లేవరు. చివరికి నేనే వెళ్ళి రెండు చేతులా అందుకున్నాను. ఆడవాళ్ళు అందుకోవచ్చో లేదో నేను అడగలేదు.

పదమూడు రోజులూ ఎవరొచ్చినా బావ మూత సంగతే చెప్పేవాడు. గాలి ఎలా రావాలో, ఎలా రాలేదో, నేల మీద పుల్లతో గీసి చూపించేవాడు. జనం అయ్యో అని తల ఊపేవారు. పదమూడో రోజు అందరూ వెళ్ళాక వంటింటి గడప మీద వచ్చి కూర్చున్నాడు.

"బిద్యా, నేను దొరికిందని అరిచినప్పుడు ప్రాణం ఉందా?"

"ఉంది."

"విన్నదా?"

"విన్నది."

"ఏమన్నా అందా?"

ఏమీ అనలేదని చెప్పి ఉండొచ్చు. వీధిలో ప్రతి ఒక్కరూ తర్వాత నాతో అదే అన్నారు, అంత మంచివాడికి ఆ మాట ఎలా చెప్పావు, నోరెలా వచ్చింది అని. నేను చెప్పాను. అక్క ఎలా అందో అలాగే, అదే గొంతుతో చెప్పాను. బావ లేచి షెడ్డులోకి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆయన బతికిన ఏళ్ళన్నిట్లో పని మానలేదు, నగోనా మానలేదు, నేను పంపిన అన్నం తిన్నాడు. నా ముఖంలోకి మాత్రం చూడలేదు.

నాకు ఆయన మీద జాలి లేక కాదు. అక్క కోసం వేసిన పందిట్లో అందరూ ఆయన తరఫునే ఉన్నారు, ఇలైతియా కూడా. మా అక్క జీవితమంతా అడిగింది తక్కువ, చివరికి అడిగింది ఆ ఒక్క ప్రశ్నే. దాన్ని కూడా నేను మింగేస్తే ఆమె తరఫున ఇంకెవరున్నారు?